నిజాము రాజ్యమున శాసనసభ

రాజు సింహాసనముపై ఉండగా శాసనసభకు పనియేమి అను ప్రశ్న వినుటకు చిన్నదిగా తోచును. కాని ప్రపంచ చరిత్రలో పెద్ద పోరాటములు పెక్కు ఈ ప్రశ్న చుట్టునే జరిగినవి. ఇంగ్లండులో రాజు నేటికిని కలడు. అయినను పార్లమెంటు అనుమతి లేనిదే ఆయన పేరిట ఒక్క పన్నును విధింప వీలులేదు. జపానులో చక్రవర్తి కలడు. రాజ్యభారము మాత్రము ప్రజలెన్నుకొన్న సభకు బాధ్యత వహించు మంత్రులది. మన పొరుగుననున్న భూటానులో రాజే పూనుకొని 2008వ సంవత్సరమున రాజ్యాంగమును, ఎన్నికైన సభను ఏర్పరచెను. ఇట్టి రాజ్యములను రాజ్యాంగబద్ధమైన రాజరికములందురు.

ఇవి యన్నియు దూరదేశపు ముచ్చటలని మనము తలపనక్కరలేదు. 1948 సెప్టెంబరు వరకు మన జమ్మికుంట కూడ ఒక రాజు ఏలుబడిలోని ఊరే. కరీంనగరు జిల్లా, హుజూరాబాదు తాలూకాలోని ఈ గ్రామమునకు కాజీపేట–బల్హార్షా రైలుమార్గము ఒక కొత్త లోకమును తెచ్చిపెట్టినది. పత్తియు, ధాన్యమును ఇక్కడినుండి దూరపు విపణులకు పోవుచుండెను. అయితే జమ్మికుంట రైతు మాట హైదరాబాదు దర్బారు వరకు పోవుటకు మార్గమేమైనను ఉండెనా? నిజాము రాజ్యమున కూడ శాసనసభ యనునది ఒకటి ఉండెనని నేడు ఎరిగినవారు అరుదు. అది ఎట్లు పుట్టినది, అందెవరు కూర్చుండిరి, దానికి ఎంత శక్తి కలదు, అది ఎందుకు నిలువలేదు అను విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

రాజు క్రింద పనిచేయు ఏ సభనైనను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: సభ్యులను పంపువారెవరు? రెండవది: సభ ఏయే విషయములపై నోరు విప్పవచ్చును? మూడవది: తుదిమాట ఎవరిది, బొక్కసపు తాళపుచెవి ఎవరి చేతనున్నది? ఈ మూడింటికి వచ్చు సమాధానములను బట్టి అది నిజమైన శాసనసభయో, కేవలము దర్బారునకు అలంకారమో తేలిపోవును.

పూర్వము హైదరాబాదు రాజ్యమున చట్టమనగా ప్రభువు ఫర్మానా. ప్రభువు ఆజ్ఞాపించును, అది జరీదాలో, అనగా సర్కారువారి గెజెటులో అచ్చగును, జిల్లాలో తాలూక్‌దారు, తాలూకాలో తహసీల్‌దారు, ఊరిలో పటేలు, పట్వారి దానిని అమలు జరుపుదురు. 1893లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ‘కానూన్‌చా ఎ ముబారక్’ అను శాసనమును వెలువరించెను. మంత్రులు కూర్చుండి ఆలోచించుటకు ఒక సభయు, చట్టముల ముసాయిదాలను పరిశీలించుటకు వేరొక సభయు దీనివలన ఏర్పడినవి. ఈ రెండవదే హైదరాబాదు శాసనసభకు మూలము. పిమ్మట 1309వ ఫసలీలో, అనగా క్రీస్తుశకము 1900 ప్రాంతమున, ఈ సభ నడకకు ఒక చట్టమును చేసిరి.

ఆ సభలో సుమారు ఇరువదిమంది సభ్యులు. వారిలో మిక్కిలిమంది సర్కారు ఉద్యోగులే. ఉద్యోగులు కానివారు ఆరుగురు మాత్రమే. వీరిలో ఇద్దరిని జాగీర్దారులును, మరి ఇద్దరిని వకీళ్లును ఎన్నుకొనుచుండిరి. తక్కిన ఇద్దరిని సర్కారే నియమించుచుండెను. ఎన్నిక యను మాట మన రాజ్యమున మొదట వినబడినది ఇక్కడనే యని చెప్పవచ్చును. కాని ఆ ఎన్నిక భూమి దున్నువానిది కాదు, మగ్గము నేయువానిది కాదు. కోటిమందికి పైబడిన ప్రజల పక్షమున ఓటు వేసినవారు కొలదిమంది జాగీర్దారులు, వకీళ్లు మాత్రమే.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. ప్రభువును గూర్చియు, ప్రభువు కుటుంబమును గూర్చియు, సైన్యమును గూర్చియు, బ్రిటిషువారితోడి సంధులను గూర్చియు సభ తలపెట్టరాదు. అంగీకరించిన చట్టమునకైనను ప్రభువు ఆమోదము కావలెను. సభ ఎంత కష్టపడి ఒక చట్టమును కూర్చినను, ఒక్క ఫర్మానా దానిని త్రోసిపుచ్చగలదు. మంత్రులు సభకు కాక నిజామునకే జవాబుదారులు. కనుక ఈ సభ, న్యాయశాస్త్రము తెలిసినవారు ముసాయిదాలను చక్కదిద్దు ఒక కార్యశాలవంటిది. మంచి చట్టములు కొన్ని అందునుండి రాలేదని కాదు, వచ్చినవి. కాని ప్రజల బాధ సభను కదలించి చట్టమగు మార్గము అందులేదు.

ఇచట మరియొక చిక్కును గుర్తింపవలెను. హైదరాబాదు రాజ్యము వైశాల్యము 82,000 చదరపు మైళ్లకు పైబడినది. ఇందు సర్కారు నేరుగా ఏలు దివానీ భూమి నూటికి 60 పాళ్ల ప్రాంతము. సుమారు 30 పాళ్లు జాగీర్దారులు మొదలగువారి చేతనుండెను. సుమారు 10 పాళ్లు నిజాము సొంత ఖర్చులకై ప్రత్యేకించిన సర్ఫెఖాసు. పెద్ద జాగీర్లకు సొంత కచేరీలు, సొంత పోలీసులు కూడ ఉండెడివి. ఒకే రాజ్యమున ప్రక్కప్రక్క ఊళ్లలో ఒక ఊరి రైతు దివానీవాడు, ఒక ఊరి రైతు జాగీరువాడు. చట్టమొకటైనను, దాని నీడ ఇద్దరిమీద ఒకే తీరున పడలేదు. వెట్టిని నిషేధించుచు సర్కారువారు పలుమారులు ఉత్తరువులు చేసిరి. దొర గడీ వాకిట ఆ ఉత్తరువులు వినబడలేదు. చట్టము కాగితముపై ఉండుట వేరు, దానిని అడుగుటకు ప్రజకు నోరుండుట వేరు.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను 1911లో గద్దెనెక్కెను. 1919లో ఆయన ‘బాబె హుకూమత్’ అను కార్యనిర్వాహక మండలిని ఏర్పరచి, సర్ అలీ ఇమామును దానికి అధ్యక్షునిగ నియమించెను. శాసనసభను పెంచు విషయమును విచారింపుమని రాయ్ బాలముకుందుగారికి అప్పగించిరి. విచారణ జరిగినది, సభ మాత్రము పెరుగలేదు. ఇంతలో చుట్టుప్రక్కల లోకము ముందుకు సాగిపోవుచుండెను. మైసూరు సంస్థానమున 1881లోనే దివాను రంగాచార్లు చొరవతో ప్రజాప్రతినిధి సభ వెలసెను. రైతులు, వర్తకులు మొదలగువారి ప్రతినిధులు అందు సర్కారు చేసిన పనుల నివేదికను విని, తమ కష్టములను విన్నవించుకొనుచుండిరి. మద్రాసు రాజధానిలో 1920లో ఎన్నికలు జరిగి, విద్య, ఆరోగ్యమువంటి కొన్ని శాఖలు ప్రజాప్రతినిధులైన మంత్రుల చేతికి వచ్చినవి. 1937లో అచట రాజగోపాలాచారిగారి మంత్రివర్గమే ఏర్పడెను. రాజ్యపు పొలిమేర కావల బెజవాడలో తెలుగువాడు ఓటువేసి మంత్రులను నిలుపుచుండగా, ఈవల జమ్మికుంటలో అదే తెలుగు మాటలాడువానికి ఊరిలో ఒక సభ జరుపుకొనుటకును సర్కారు అనుమతి కావలసి యుండెను. ‘గస్తీ నిశాన్ 53’ అని పెద్దలు చెప్పుకొను ఉత్తరువు అట్టిది.

ఆ కట్టడులలోనే ప్రజలు తమ సభలను తాము కట్టుకొనిరి. 1921లో ఆంధ్రజన సంఘము పుట్టెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగెను. తరువాత దేవరకొండ, ఖమ్మము. 1935లో అప్పటి కరీంనగరు జిల్లాలోని సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన నాలుగవ మహాసభ. ఈ మహాసభలకు చట్టము చేయు అధికారము లేదు. కాని అందు పాఠశాలలను గూర్చి, వెట్టిని గూర్చి, రైతుల బాధలను గూర్చి తెలుగులో చర్చించి తీర్మానములు చేసిరి. ఒక విధముగ చూచినచో, తెలంగాణ ప్రజలు శాసనసభా మర్యాదలను అభ్యసించినది సర్కారువారి సభలో కాదు. సిరిసిల్లవంటి ఊళ్లలో వేసిన పందిళ్లలోనే.

ప్రజల కోరిక పెరుగుట చూచి సర్కారు 1937లో దివాన్ బహద్దూర్ అరవముదు అయ్యంగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1938లో నివేదిక నిచ్చెను. దానిని ఆధారముగ గొని 1939 జూలైలో సంస్కరణలను ప్రకటించిరి. ఆ పథకము ప్రకారము శాసనసభకు 85 మంది సభ్యులు. అందు 42 గురు ఎన్నికైనవారు. తక్కిన 43 స్థానములు కార్యనిర్వాహక మండలి సభ్యులకును, సర్కారు నియమించు ఉద్యోగులకును, అనుద్యోగులకును, సర్ఫెఖాసునకును, పెద్ద ఇలాకాలకును చెందినవి. పాఠకులు ఈ అంకెలను గమనింపవలెను. ఎన్నికైనవారందరు ఒక్కటైనను సభలో వారి బలము తక్కినవారికంటె ఒకటి తక్కువయే. సభ ఒకవేళ సర్కారు నెదిరించి నిలిచినను, నెగ్గుటకు వీలులేకుండ లెక్కను ముందుగనే సరిచూచిరి.

ఆ 42 స్థానములను పంచిన తీరు ఇంకను విచిత్రమైనది. నేడు మనము ఊరిని బట్టి, నియోజకవర్గమును బట్టి ఓటు వేయుచున్నాము. ఆ పథకమున వృత్తిని బట్టి, ప్రయోజనమును బట్టి స్థానములు. జాగీర్దారులకు కొన్ని, వర్తకులకు కొన్ని, బ్యాంకులకు కొన్ని, పరిశ్రమలకు, కార్మికులకు, వకీళ్లకు, వైద్యులకు, పట్టభద్రులకు, పురపాలక సంఘములకు కొన్ని. వ్యవసాయమునకు 16, అందు పట్టాదారులకు 8, కౌలుదారులకు 8.

ఈ పద్ధతి జమ్మికుంటలో ఎట్లు వర్తించెడిదో ఊహించి చూతము. ఊరిలో ఒక వకీలు కలడనుకొందము. ఆయన వకీళ్ల స్థానమునకు ఓటరగును. పట్టభద్రుడైనచో ఆ స్థానమునకును అర్హుడగును. భూమి యుండినచో పట్టాదారుల స్థానమునకును అర్హుడు కావచ్చును. పత్తి కొనుగోలు చేయు పెద్ద వర్తకునకు వాణిజ్యపు స్థానము కలదు. పెద్ద పట్టాదారునకు ఒక దారి కలదు. నిర్ణీతమైన అర్హత గల కౌలుదారునకు కొంత దారి కలదు. కాని భూమిలేని కూలికి ఏది స్థానము? మాల మాదిగ వాడలలో వెట్టి చేయువానికి ఏది స్థానము? ఇంటిపని, పొలముపని రెండును మోయు ఆడుదానికి ఏది స్థానము? వృత్తిని బట్టి పంచిన సభలో పేరుపొందిన వృత్తి లేనివానికి చోటు లేదు. అప్పటి రాజ్యమున 16 జిల్లాలు. వ్యవసాయపు స్థానములును 16. లెక్కకు జిల్లా కొక్కటి. 1941 జనాభా లెక్కలలో రాజ్యపు ప్రజలు ఒక కోటి 63 లక్షలు. వారిలో మిక్కిలిమంది పల్లెలలో సేద్యముపై బ్రతుకువారు. వారి వంతునకు వచ్చినది ఎంతో దీనినిబట్టి తెలియగలదు.

ఎన్నికగు స్థానములలో హిందువులకును, ముస్లిములకును సమభాగమను నియమము మరియొకటి. రాజ్యమున ముస్లిముల సంఖ్య నూటికి 13 ప్రాంతము. అల్పసంఖ్యాకుల రక్షణ ఏ రాజ్యాంగమునకైనను ధర్మమే. కాని ఇచట ఆ పేరు చెప్పి, ఇరువర్గముల ప్రజలను ఒకరికొకరు అడ్డుగ నిలిపి, పైనుండి ఏలువాని అధికారము చెక్కుచెదరకుండ చూచుటయే జరిగినది. పేద ముస్లిమునకు గాని, పేద హిందువునకు గాని ఈ పంపకమువలన ఒరిగినది లేదు.

1938లో స్థాపింపబూనిన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఏమి కోరినదో తెలిసినచో ఈ కథలోని వింత బోధపడును. వారు రాజును తొలగింపుమనలేదు. ఆసఫ్‌జాహీ ప్రభువు ఛత్రచ్ఛాయలోనే బాధ్యతాయుత ప్రభుత్వము కావలెననిరి. అనగా ఇంగ్లండులో వలె రాజు రాజుగనే యుండును, మంత్రులు మాత్రము ప్రజలసభకు జవాబు చెప్పుదురు. ఈ కొలదిపాటి కోరికకు సర్కారు ఇచ్చిన సమాధానము నిషేధము. ఆ సంవత్సరము సెప్టెంబరులో సంస్థను నిషేధించిరి. అక్టోబరులో సత్యాగ్రహము మొదలయ్యెను. స్వామి రామానందతీర్థ మొదలగువారు చెరసాలల పాలైరి. నిషేధము తొలగినది 1946లో.

1939 నాటి పథకము యుద్ధకాలమున మూలబడెను. 1946లో సభ్యుల సంఖ్యను 132కు పెంచి, ఎన్నికలు జరిపి, సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రధానిగ నున్న కాలమున 1947 ఆరంభమున సభను ప్రారంభించిరి. బాధ్యతాయుత ప్రభుత్వము ఊసు లేనందున స్టేట్ కాంగ్రెసు ఆ ఎన్నికలను బహిష్కరించెను. అదే సంవత్సరము ఆగస్టులో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. హైదరాబాదు భారతదేశమున చేరవలెనా, వేరుగ నిలువవలెనా యను ప్రశ్న రాజ్యము నెదుట నిలిచెను. ఒక శాసనసభకు ఇంతకు మించిన పని ఇంకేమి ఉండును? కాని ఆ నిర్ణయమును చేసినది సభ కాదు. 1947 నవంబరులో యథాతథపు టొడంబడికపై చేవ్రాలు చేసినది నిజాము. మంత్రులను నిలిపినది, మార్చినది నిజాము; ఆయనపై ఒత్తిడి తెచ్చినది కాశిం రజ్వీ నాయకత్వమునందలి రజాకారుల దండు. పల్లెలలో ఇళ్లు తగులబడుచు, ప్రాణములు పోవుచుండగా, ఆ సంగతి నిలదీసి అడుగుటకు ప్రజలకు సభలో దారిలేకపోయెను. మాట పోవు దారిని మూసివైచిన రాజ్యమున ఆయుధమే మాటలాడును. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను. 17న ఆ కథ ముగిసెను.

తరువాత జరిగినది ఇంకను ఆలోచింపదగినది. 1949 నవంబరులో భారత రాజ్యాంగము హైదరాబాదునకును వర్తించునని నిజాము ఫర్మానా వెలువరించెను. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు ఆయన రాజప్రముఖుడుగ నుండెను. సర్కారు ఆయన పేరిట నడచును. కాని ఆయన ఇచ్ఛపై నడువదు. 1952లో వయోజనులందరకు ఓటుహక్కుతో ఎన్నికలు జరిగి, 175 మంది సభ్యుల శాసనసభ ఏర్పడి, మార్చి 6న బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రియైరి. కాశీనాథరావు వైద్యగారు సభాపతి. ఆరవ నిజాము కాలమున 1905లో శంకుస్థాపన జరిగి, 1913లో పూర్తియైన పబ్లిక్ గార్డెన్సులోని టౌన్‌హాలులో ఆ సభ సమావేశమయ్యెను. 1938లో అడిగినందుకు చెరసాలకు పంపిన ఏర్పాటే, 1952 నుండి నాలుగు సంవత్సరములకు పైగా, అదే నిజాము పేరిట, ఆయన తండ్రి పునాది వేసిన భవనముననే, శాంతముగ నడచినది. పదునాలుగేండ్ల ముందు దానిని అంగీకరించి యుండినచో ఎంత రక్తము, ఎంత కన్నీరు మిగిలి యుండెడిదో ఎవరు లెక్కింపగలరు?

మన జిల్లా ఆ తొలి ఎన్నికలలో ఎట్లు వ్యవహరించెనో చూడుడు. కరీంనగరు లోక్‌సభ స్థానమునకు కాంగ్రెసు పక్షమున నిలిచిన యువకుడు పి. వి. నరసింహారావుగారు, జమ్మికుంటకు అంత దూరము కాని వంగర ఆయన పెరిగిన ఊరు. ఆయనను ఓడించి గెలిచినవారు ప్రజాస్వామ్య ప్రజాఫ్రంటుకు చెందిన బద్దం ఎల్లారెడ్డిగారు. తరువాత నరసింహారావుగారు 1957లో మంథని నుండి శాసనసభకు ఎన్నికై, 1971లో ముఖ్యమంత్రియు, 1991లో దేశమునకు ప్రధానమంత్రియు నైరి. అయినను ఓటరు ఒకనాడు ఆయనను కాదనెను. ఆయన ఆ తీర్పును శిరసావహించి మరల ప్రజల వద్దకు వచ్చెను. ఫర్మానాల కాలమున ఈ రెండు పనులకును తావులేదు.

చట్టముల విషయము కూడ న్యాయముగ చెప్పుకొనవలెను. జాగీర్ల రద్దు 1949లోను, కౌలుదార్ల రక్షణ చట్టము 1950లోను వచ్చినవి. అప్పటికి ఎన్నికైన సభ లేదు. అనగా మంచి చట్టము సభ లేకుండను రావచ్చును. మరి సభ ఎందుకు? చట్టము పొలమున ఎట్లు పనిచేయుచున్నదో తెలిసిన వాని మాట చట్టము చేయువాని చెవికి చేరుటకు. రక్షిత కౌలుదారుని పేరు పట్వారి కాగితమున చేరలేదని, చేరినను బేదఖలు చేసిరని, ధర కట్టుటలో చిక్కు కలదని ఊళ్లనుండి వచ్చిన సభ్యులు నిలబడి చెప్పగలిగిరి. ఆ చర్చల వెనుక 1954లో కౌలుచట్టమును సవరించిరి. ఆ సవరణలతో రైతు కష్టములన్నియు తీరలేదు. కాని తీరలేదని అడుగుటకు చోటు దొరికెను.

మొదట వేసికొన్న మూడు ప్రశ్నలకు ఇప్పుడు సమాధానము చెప్పుకొనవచ్చును. 1900లో సభ్యులను పంపినవారు సర్కారు, జాగీర్దారులు, వకీళ్లు. 1952లో పంపినవారు 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులందరు. అప్పుడు సైన్యము, ప్రభువు ఖర్చు, పరరాజ్యసంబంధములు నిషిద్ధ విషయములు. ఇప్పుడు రాజ్యాంగము రాష్ట్రమున కిచ్చిన ఏ విషయమునైనను సభ చర్చింపవచ్చును. అప్పుడు తుదిమాట ఫర్మానాది. ఇప్పుడు సభ మంజూరు చేయనిదే ఖజానానుండి పైకము కదలదు, సభ విశ్వాసము కోల్పోయిన మంత్రివర్గము నిలువదు.

1956లో హైదరాబాదు రాష్ట్రము విడిపోయి తెలంగాణ ఆంధ్రప్రదేశమున చేరెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. నేడు తెలంగాణ శాసనసభలో ఎన్నికగు స్థానములు 119. జమ్మికుంట హుజూరాబాదు నియోజకవర్గములోనిది. ఓటు హక్కు వయస్సు 1989 నుండి 18 ఏండ్లకు తగ్గినది. పట్టాదారు, కౌలుదారు, కూలి, వకీలు, దుకాణదారు, గృహిణి అందరిది ఒకే వరుస, ఒక్కొక్క ఓటు. ఈ సమానత్వము మనకు ఎంతో సహజముగ తోచుచున్నది. కాని మన తాతల కాలమున ఎంతటి పండితులు కూర్చుండి వ్రాసిన పథకమునకైనను ఇంతటి సామాన్యమైన మాట తోచలేదు.

ఓటువేసి ఇంటికి వచ్చుటతో పౌరుని పని ముగియదు. మన సభ్యుడు సభలో ఏ ప్రశ్న అడిగెను, ఆదాయవ్యయముల పట్టికలో మన మండలపు చెరువులకు, బడులకు, విపణికి ఏమి వచ్చినది, చర్చ జరిగినదా, చర్చ లేకయే చేతులెత్తిరా అని అడుగుచుండవలెను. అడుగువారు లేని సభ మరల వెనుకటి దర్బారు వలెనే మారిపోవును. ఆ మూడు ప్రశ్నలును 1893లో ఎంత అవసరమో, నేడును అంతే అవసరము.